సైగల్లో విభక్తి ఎక్కడుంటుంది?

ప్రశ్న: మాది గుంటూరు, బ్రాడీపేట. మా అబ్బాయికి నాలుగేళ్ళు. పుట్టుకతోనే వినికిడి చాలా తక్కువ. చెవి మిషన్ పెట్టినా మాట స్పష్టంగా అందడం లేదు. స్పీచ్ థెరపీకి తీసుకెళ్తూనే ఉన్నాం. విజయవాడలో ఇలాంటి పిల్లలకు చదువు చెప్పే ఒక టీచరుగారు ఇప్పటినుంచే భారతీయ సంకేత భాష నేర్పమని, ఇంట్లో అందరం నేర్చుకోమని చెప్పారు. మా మామగారు హైస్కూల్లో తెలుగు చెప్పి రిటైరయ్యారు. ఆయనకు ఇది మింగుడు పడటం లేదు. ‘‘సైగలు భాష ఎలా అవుతాయి? అందులో విభక్తి ఏది, కాలం ఏది, సంధి ఏది? కూచిపూడి ముద్రల్లాంటివే కదా! వాటితో అన్నం అడగవచ్చు గానీ ఆలోచన చెప్పలేం. పైగా చేతులు అలవాటైతే వాడు నోరు తెరవడు’’ అంటారు. మనవడి మీద ప్రేమతోనే అంటున్నారు కాబట్టి ఎదురు చెప్పలేకపోతున్నాను. సైగల భాషకు నిజంగా తెలుగుకున్నట్టు వ్యాకరణం ఉందా? తెలుగు వాక్యాన్నే పదం పదం చేతులతో చూపిస్తే సరిపోదా? — ఒక తల్లి, గుంటూరు

జవాబు:

అమ్మా,

మీ మామగారి ప్రశ్నను తోసిపుచ్చవలసిన పని లేదు. విభక్తి ఏది, కాలం ఏది, సంధి ఏది అని అడగడం ఒక భాషను పరీక్షించడానికి సరైన పద్ధతే. ఆ ప్రశ్నలకు జవాబులు ఉన్నాయి, వాటిలో కొన్ని తెలుగు చదువుకున్నవారికి మిగతావారికంటే తేలికగా అర్థమవుతాయి. అందువల్ల తెలుగు వ్యాకరణాన్ని పక్కన పెట్టుకునే జవాబు రాస్తున్నాను. వీలైతే దీన్ని ఆయనకే చదివి వినిపించండి.

ముందు కూచిపూడి సంగతి చూద్దాం. అభినయంలో ఒంటిచేతి హస్తాలు 28 అని సంప్రదాయం చెబుతుంది. అందులో పతాక హస్తాన్ని మేఘానికీ, అడవికీ, రాత్రికీ, నదికీ కూడా వినియోగిస్తారు. చూసేవారికి అది నదో రాత్రో తెలిసేది వెనుక పాడుతున్న పాట వల్ల. వాక్యం పాటలో ఉంటుంది, ముద్ర దానికి రూపం ఇస్తుంది. పాట ఆపేసి, ‘‘నిన్న కృష్ణ పొంగలేదు గానీ రేపు పొంగవచ్చునని ఇంజనీరుగారు అన్నారు’’ అనే మాటను ఒట్టి ముద్రలతో చెప్పమంటే ఎంతటి నర్తకికైనా కష్టమే. పశువుల సంతలో తువ్వాలు కింద వేళ్ళు పట్టుకుని ఆడే బేరం కూడా అలాంటిదే, అందులో ధర తప్ప మరో సంగతి పట్టదు. సంకేత భాషలో పెరిగిన మనిషి మాత్రం ఈ ఇంజనీరు వాక్యాన్ని పాట ఆసరా లేకుండా చెబుతాడు, ఎదుటివారు ‘‘ఏ ఇంజనీరు? ఎందుకన్నాడు?’’ అని తిరిగి అడుగుతారు, ఆ తరువాత ఇద్దరూ వాదించుకుంటారు. నిషేధం (కాదనడం), సంభావన (జరగవచ్చుననడం), ఒకరన్న మాటను మరొకరు చెప్పడం, ఈ మూడూ ఒకే వాక్యంలో కుదరాలంటే వ్యాకరణం ఉండి తీరాలి.

ఆ వ్యాకరణాన్ని మొదట శాస్త్రీయంగా విప్పి చూపినవారు విలియం స్టోకీ. వాషింగ్టన్‌లోని గాలొడెట్ కళాశాలలో బధిర విద్యార్థులకు ఇంగ్లీషు చెప్పడానికి చేరిన ఈయన, వారు తమలో తాము మాట్లాడుకునే తీరును గమనించి 1960లో అమెరికన్ సంకేత భాష నిర్మాణం మీద ఒక పరిశోధన ప్రకటించారు. తోటి అధ్యాపకులలో చాలామంది మొదట దాన్ని లెక్కచేయలేదు. ఆయన చెప్పింది ఇది: ఒక్కొక్క సైగ విడదీయరాని బొమ్మ కాదు, అర్థం లేని చిన్న భాగాల కలయిక. చేతి ఆకారం ఒకటి, అది శరీరం మీదనో ముందో నిలిచే చోటు ఒకటి, కదలిక ఒకటి. అరచేయి ఎటు తిరిగి ఉందన్నదాన్ని తరువాతివారు చేర్చారు. తెలుగులో ‘పలక’లోని మొదటి అచ్చును మారిస్తే ‘పిలక’ అవుతుంది. ఆ అకారానికి గానీ ఇకారానికి గానీ సొంత అర్థమేమీ లేకపోయినా మాట మారిపోతుంది. అమెరికన్ సంకేత భాషలో అయిదు వేళ్ళూ విప్పి బొటనవేలు గడ్డానికి తాకిస్తే అమ్మ, అదే చేతిని అదే తీరులో నుదుటికి తాకిస్తే నాన్న. మారింది చోటు ఒక్కటే. మనం వర్ణమని పిలిచేదాని పనిని అక్కడ చోటు చేస్తోంది. ధ్వని లేకపోయినా వర్ణ వ్యవస్థ ఉండవచ్చునన్నది ఆనాటికి ఎవరూ ఊహించని సంగతి.

ఇక్కడే నోటి భాషకూ చేతి భాషకూ అసలు తేడా కూడా మొదలవుతుంది. నోటి నుంచి ధ్వనులు ఒకదాని వెంట ఒకటే రావాలి, రెండు అక్షరాలను ఒకేసారి పలకలేం. అందుకే తెలుగు అర్థాన్ని ప్రత్యయాలుగా వెనక వరుసగా తగిలించుకుంటూ పోతుంది. కంటికి ఆ ఇబ్బంది లేదు. చేయి, కనుబొమలు, తల, భుజం, ముందున్న ఖాళీ చోటు అన్నీ ఒకే క్షణంలో కనిపిస్తాయి. క్లిమా, బెలూజీ అనే పరిశోధకులు 1970లలో కొలిచి చూసినప్పుడు ఒక సైగకు ఒక మాటకంటే దాదాపు రెట్టింపు సమయం పడుతోందని తేలింది, కానీ ఒక విషయాన్ని పూర్తిగా చెప్పడానికి అటు ఇంగ్లీషులోనూ ఇటు అమెరికన్ సంకేత భాషలోనూ పట్టిన సమయం ఇంచుమించు ఒకటే. సైగ నిదానమైనదే అయినా, దానితోపాటు మరో రెండు మూడు సంగతులు అదే సమయంలో చెప్పబడుతున్నాయి కాబట్టి లెక్క సరిపోతోంది. మీ మామగారికి ప్రత్యయాలు కనిపించకపోవడానికి కారణం ఇదే. ఆయన వాటి కోసం మాట చివర వెతుకుతున్నారు, అవి మాటతోపాటే జరిగిపోతున్నాయి.

ఇప్పుడు విభక్తి. ‘‘రవి సీతకు పుస్తకం ఇచ్చాడు’’ అన్నప్పుడు ఎవరు ఇచ్చారో, ఎవరికి ఇచ్చారో మనకు చెప్పేవి ‘కు’ అనే ప్రత్యయమూ క్రియ చివరి ‘డు’ కారమూ. సంకేత భాషలో మాట్లాడేవారు ముందుగా రవిని తమ కుడివైపు ఒక చోటా, సీతను ఎడమవైపు ఒక చోటా నిలుపుతారు. ఆ తరువాత ‘ఇవ్వడం’ అనే సైగ కుడి నుంచి ఎడమకు కదులుతుంది. ఆ కదలిక మొదలైన చోటు కర్త, చేరిన చోటు సంప్రదానం, అంటే మన ‘కు’ ప్రత్యయం పని చేసేది. ఎడమ నుంచి కుడికి కదిలితే సీతే రవికి ఇచ్చిందని అర్థం. నా వైపు నుంచి నీ వైపుకు వెళితే ‘నేను నీకు ఇస్తాను’, వెనక్కి వస్తే ‘నువ్వు నాకు ఇస్తావు’. తెలుగు క్రియ కర్తను మాత్రమే అనుసరిస్తుంది. ‘ఇస్తాను’ అన్నప్పుడు ఇచ్చేది నేనని తెలుస్తుంది గానీ ఎవరికన్నది ఆ క్రియలో లేదు. ఈ విషయంలో సైగల క్రియ మన క్రియకంటే ఎక్కువ మోస్తోందని ఒప్పుకోవాలి. అదే సైగను అర్ధచంద్రాకారంగా ఒక్క ఊపులో తిప్పితే ‘అందరికీ ఇచ్చాడు’, అక్కడక్కడ ఆగుతూ తిప్పితే ‘ఒక్కొక్కరికీ విడివిడిగా ఇచ్చాడు’. మనం ‘ఒక్కొక్క’ అని ద్విరుక్తితో సాధించే తేడా ఇది.

అన్ని క్రియలూ ఇలా కదలవు. కొన్ని శరీరానికి అంటిపెట్టుకుని ఒకే చోట జరుగుతాయి. అక్కడ కర్త ఎవరో కర్మ ఎవరో మాటల వరుస చెబుతుంది. ఏ క్రియ ఎటు కదలాలో, ఏది కదలకూడదో నియమం ఉండటం, ఆ నియమాన్ని తప్పితే బధిరులు నవ్వడం, ఇవి కూడా వ్యాకరణం ఉన్నదనడానికి గుర్తులే.

ఈ చోటు పద్ధతికి ఒక అదనపు లాభం ఉంది. ‘‘రవి సురేష్‌తో అతని బండి పాడైందని చెప్పాడు’’ అని తెలుగులో రాస్తే బండి రవిదో సురేష్‌దో చెప్పలేం, మళ్ళీ అడగవలసిందే. సంకేత భాషలో ఇద్దరికీ వేరు వేరు చోట్లు ఇచ్చి ఉంటారు కాబట్టి ‘అతని’ అని వేలు చూపిన దిక్కును బట్టి సందేహం తీరిపోతుంది. ఆ భాషలో సర్వనామానికి మన ‘అతడు, ఆమె, అది’ వంటి లింగభేదం లేదు, దాని అవసరమూ రాదు. పోలికలో ఎవరి సౌకర్యం వారిదే.

కాలం విషయంలో మీ మామగారి గమనిక సగం నిజం. భారతీయ సంకేత భాషలో క్రియకు భూత భవిష్యత్ ప్రత్యయాలు లేవు. నిన్న, రేపు, అయిపోయింది వంటి సైగలు కాలాన్ని చెబుతాయి, కాలసూచకం సాధారణంగా వాక్యం మొదట్లోనే వస్తుంది. ఇది లోపమైతే తెలుగులో కూడా అలాంటి లోపం ఉంది: ‘‘రోజూ బడికి వెళ్తాను’’, ‘‘రేపు బడికి వెళ్తాను’’ అన్న రెండింటిలో క్రియారూపం ఒకటే, కాలాన్ని తేల్చింది రోజూ, రేపు అనే మాటలే. చైనా భాషలోనైతే క్రియకు కాల ప్రత్యయమే లేదు. అలాగే ‘‘ఆయన మా మామగారు’’ అనే మన వాక్యంలో క్రియ లేదు, ఇంగ్లీషువాడికి అది అసంపూర్ణంగా తోచవచ్చు. భారతీయ సంకేత భాషలో కూడా ఇటువంటి వాక్యానికి క్రియ అక్కరలేదు. ఇంగ్లీషు పద్ధతిని కొలబద్దగా పెట్టుకుని తెలుగును తక్కువ చేసేవారిని మీ మామగారు ఒప్పుకుంటారని నేననుకోను. తెలుగును కొలబద్దగా పెట్టి సైగలను కొలవడమూ అటువంటి పనే.

మాటల వరుసలో మాత్రం మనకు దగ్గరి చుట్టరికమే కనిపిస్తుంది. భారతీయ సంకేత భాషలో క్రియ సాధారణంగా వాక్యం చివరికి వస్తుంది. నిషేధం దాని తరువాత వస్తుంది. ప్రశ్నార్థకం ఇంకా చివర. ‘‘నీ పేరు ఏమిటి?’’ అన్నది రెండు భాషల్లోనూ ఒకే వరుస. ‘‘మీరు ఎక్కడ ఉంటారు?’’ అన్నప్పుడు మనం ‘ఎక్కడ’ను నడుమ ఉంచుతాం, వారు చివర పెడతారు. భారత పాకిస్తాన్ దేశాల బధిరుల భాషను దీర్ఘకాలం పరిశీలించిన ఉల్రికే జేషన్ అనే భాషావేత్త ఇక్కడి ప్రశ్నార్థకాల గురించి ఒక చక్కని సంగతి వివరించారు. ఇందులో ప్రశ్నను తెలిపే సాధారణ సైగ ఒకటే, దాని ముందు చోటు అనే సైగ చేరిస్తే ఎక్కడ, సమయం అనే సైగ చేరిస్తే ఎప్పుడు, ముఖం అనే సైగ చేరిస్తే ఎవరు. అక్కడ, ఇక్కడ, ఎక్కడ. అప్పుడు, ఇప్పుడు, ఎప్పుడు అని మనం వల్లె వేసిన వరుసలో ‘ఎ’ చేస్తున్న పని ఏమిటో తెలుగు పండితులకు వేరే చెప్పనక్కరలేదు. ఊరిని బట్టి, బడిని బట్టి సైగల్లో తేడాలుంటాయి కాబట్టి మీరు కలిసేవారు కొన్నింటిని వేరుగా చూపవచ్చు. మనకు గుంటూరు మాటకూ శ్రీకాకుళం మాటకూ తేడా లేదా?

ముఖం గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఇంట్లో అపార్థం ఎక్కువగా వచ్చేది దీనితోనే. ‘వచ్చాడు’ను ప్రశ్నగా మార్చాలంటే మనం చివర దీర్ఘం తీసి ‘వచ్చాడా’ అంటాం. సంకేత భాషలో చేతుల పని ఏమీ మారదు, కనుబొమలు పైకి లేస్తాయి, తల కొద్దిగా ముందుకు వంగుతుంది, అంతే. ఆ కనుబొమలు మన ‘ఆ’ దీర్ఘంతో సమానం. తల అడ్డంగా ఊపడం నిషేధానికి తోడవుతుంది. బుగ్గలు పూరించడం, పెదవులు బిగించడం, కళ్ళు చిట్లించడం వంటివి పెద్దది, కష్టంగా, దూరంగా అన్న విశేషణాల, క్రియావిశేషణాల పని చేస్తాయి. ఇవి ఎక్కడ మొదలై ఎక్కడ ఆగాలో కూడా నియమం ఉంది. ప్రశ్న ఎంతవరకు సాగుతుందో అంతవరకే కనుబొమలు లేచి ఉండాలి. కోపంతోనో ఆశ్చర్యంతోనో లేచే కనుబొమలకు అటువంటి హద్దు ఉండదు. ఈ తేడా తెలియని పెద్దలు పిల్లవాడు మొహం వికారంగా పెడుతున్నాడని మందలిస్తుంటారు. దానివల్ల పిల్లవాడికి తన వాక్యంలోని ప్రత్యయాలను తీసేయమని చెప్పినట్టవుతుంది.

సంధి కూడా ఉంది. రెండు సైగలు కలిసి సమాసమైనప్పుడు మొదటిదాని కదలిక కుదించుకుపోతుంది, రెండోదాని చేతి ఆకారం ముందే సిద్ధమవుతుంది. అమెరికన్ సంకేత భాషలో ‘నమ్మకం’ అనే సైగ ‘ఆలోచన’, ‘పెళ్ళి’ అనే రెండింటి కలయికగా పుట్టింది. ఇప్పుడు చూసేవారికి అది నుదుటి నుంచి కిందికి జారి చేతులు కలిసే ఒకే కదలికగా కనిపిస్తుంది. ఉత్వ సంధిలో ఉకారం జారిపోయినంత సహజంగా ఇక్కడ కూడా ఒక భాగం జారిపోయింది.

‘‘సైగలన్నీ బొమ్మలే కదా’’ అన్న అనుమానం ఇంకా మిగులుతుంది. కొన్ని సైగలకు వస్తువు పోలిక ఉన్న మాట నిజమే. మన దేశంలో స్త్రీ అనడానికి ముక్కుపుడక పెట్టుకునే చోట వేలు తాకిస్తారు. తెలుగులో గలగల, చిటపట, జలజల లేవా? ధ్వనిని అనుకరించే మాటలు నోటి భాషలో ఎక్కువగా పుట్టకపోవడానికి కారణం లోకంలో వస్తువులకు ధ్వనికంటే ఆకారమే ఎక్కువ కావడం. చేతికి ఆకారం దొరుకుతుంది కాబట్టి అది వాడుకుంటుంది. అయితే సైగలు బొమ్మలే అయితే ప్రపంచంలోని బధిరులందరూ ఒకరినొకరు అర్థం చేసుకోవాలి. అలా జరగడం లేదు. బ్రిటన్‌లోనూ అమెరికాలోనూ వినేవారు మాట్లాడేది ఒకే ఇంగ్లీషు అయినా ఆ రెండు దేశాల బధిరుల భాషలు వేరు వేరు, ఒకరిది మరొకరికి అర్థం కాదు. లోరాఁ క్లెర్ అనే ఫ్రెంచి బధిర ఉపాధ్యాయుడు అమెరికా వెళ్ళి, 1817లో హార్ట్‌ఫర్డ్‌లో మొదలైన పాఠశాలలో చదువు చెప్పడం వల్ల అమెరికన్ సంకేత భాషకు ఫ్రెంచి సంకేత భాషతో బంధుత్వం ఏర్పడింది. గుంటూరు బధిరుడికి వ్యాకరణంలో దగ్గర ఢిల్లీ బధిరుడే తప్ప ఇంట్లో తెలుగు మాట్లాడే సొంత అన్నయ్య కాదు. ఇది వినడానికి వింతగా ఉంటుంది గానీ, సంకేత భాషలు నోటి భాషల పటం గీతలను బట్టి నడవవు.

బొమ్మ కాదనడానికి నాకు అన్నిటికంటే బలంగా తోచే రుజువు పసిపిల్లల పొరపాట్లలో ఉంది. ‘నేను’ అనడానికి తనవైపు, ‘నువ్వు’ అనడానికి ఎదుటివారివైపు వేలు చూపడంకంటే తేలికైనది ఏముంటుంది? అయినా సంకేత భాష నేర్చుకుంటున్న కొందరు పిల్లలు రెండేళ్ళ ప్రాయంలో ఆ రెండింటినీ తారుమారు చేస్తారని లారా పెటిటో అనే పరిశోధకురాలు 1980లలో గమనించి రాశారు. మాటలు నేర్చే పిల్లలూ అదే వయసులో అదే తప్పు చేస్తారు. వేలు చూపడం పిల్లవాడికి అప్పటికే బొమ్మగా కాక మాటగా మారిందని దీని అర్థం. పక్షవాతం వచ్చిన బధిరుల మీద జరిగిన పరిశీలనలూ ఇటే తేల్చాయి. మెదడు ఎడమవైపు దెబ్బతింటే సైగల వ్యాకరణం చెదిరిపోతుంది. కుడివైపు దెబ్బతిన్నవారు బొమ్మ సరిగ్గా గీయలేకపోయినా సైగల్లో వాక్యం చక్కగా చెప్పగలుగుతారు. నికరాగ్వా దేశంలోనైతే 1970ల చివరి నుంచి మనాగ్వాలోని పాఠశాలల్లో మొదటిసారి ఒకచోట చేరిన బధిర పిల్లలు ఇంటి నుంచి తెచ్చుకున్న తలా కొన్ని సైగలను కలుపుకుని కొత్త భాషనే నిర్మించారు. తరువాత చేరిన చిన్నపిల్లల చేతుల్లో దాని వ్యాకరణం మరింత బిగువైంది. వారికి దాన్ని ఏ ఉపాధ్యాయుడూ నేర్పలేదు.

ఇక మీ రెండో ప్రశ్న: తెలుగు వాక్యాన్నే పదం పదం చేతులతో చూపిస్తే సరిపోదా? సరిపోదు. ‘‘వెళ్ళిపోతున్నారట’’ అనే ఒక్క మాటను తీసుకోండి. వెళ్ళడం, పూర్తిగా పోవడం, ఇప్పుడు జరుగుతూ ఉండటం, గౌరవం లేదా బహువచనం, ఎవరో చెప్పగా విన్నామనడం, ఇన్నింటినీ ఒకదాని వెంట ఒకటి అతికించి నోరు క్షణంలో పలుకుతుంది. వీటిలో ఒక్కొక్కదానికి ఒక్కొక్క సైగ పెడితే వాక్యం పూర్తయ్యేసరికి పిల్లవాడు మొదలు మరచిపోతాడు, చూపించేవారికి విసుగు పుట్టి ప్రత్యయాలు వదిలేస్తారు, చివరికి తెలుగూ కాని, సంకేత భాషా కాని తునకలు మిగులుతాయి. ముఖం, చోటు, దిక్కు అన్నీ ఊరికే పడి ఉంటాయి. వేళ్ళతో అక్షరాలు చూపడం కూడా భాష కాదు, పేర్లకూ కొత్త మాటలకూ పనికివచ్చే అక్షరమాల మాత్రమే. మన దేశంలో ఎక్కువగా వాడే రెండు చేతుల ఇంగ్లీషు అక్షరమాల బ్రిటిష్ పద్ధతి నుంచి వచ్చింది. కాబట్టి మీరు నేర్చుకుంటే భారతీయ సంకేత భాషను దాని వరుసలోనే నేర్చుకోండి. తెలుగును తెలుగుగానే, పుస్తకం మీద వేరుగా నేర్పండి. రెండూ కలిపిన కిచిడీ వద్దు.

చేతులు అలవాటైతే నోరు తెరవడన్న భయం పాతది. 1880లో మిలాన్‌లో జరిగిన బధిర విద్యావేత్తల అంతర్జాతీయ సభ ఇటువంటి నమ్మకంతోనే పాఠశాలల్లో నోటి మాటకే పట్టం కట్టాలని తీర్మానించింది, ఆ ప్రభావంతో అనేక దేశాల్లో సైగలు తరగతి గది బయటకు పోయాయి. అదే పేరున్న సభ 2010లో వాంకూవర్‌లో సమావేశమై ఆ తీర్మానాలను తిరస్కరించి విచారం ప్రకటించింది. మీ అబ్బాయికి మాట రావడమన్నది చెవికి ఎంత అందుతోంది, మిషన్ గానీ కాక్లియర్ ఇంప్లాంట్ (ఆపరేషన్‌తో చెవి లోపల అమర్చే పరికరం) గానీ ఎంత సాయపడుతోంది, థెరపీ ఎలా సాగుతోంది అన్నవాటి మీద ఆధారపడుతుంది. సైగలు నేర్చినందువల్ల రావలసిన మాట రాకుండా పోతుందనడానికి గట్టి ఆధారం లేదు. అందువల్ల స్పీచ్ థెరపీ ఆపకండి, చెవి డాక్టరు సలహా వదలకండి. కానీ మాట వచ్చేదాకా భాషను ఆపి ఉంచడం మాత్రం ప్రమాదం. భాష నాటుకునే వయసు తొలి అయిదారేళ్ళే. అప్పుడు ఏదో ఒక భాష పూర్తిగా అందిన పిల్లలు తరువాత రెండో భాషను, చదువును దాని మీద కట్టుకోగలరు. ఏ భాషా సరిగా అందని పిల్లలు ఆ లోటును పెద్దయ్యాక పూడ్చుకోవడం చాలా కష్టం. మీవాడికి నాలుగేళ్ళు నిండాయి కాబట్టి టీచరుగారు తొందరపెట్టడంలో న్యాయముంది.

మొదలుపెట్టడానికి ఇప్పుడు దారులు మునుపటికంటే మెరుగ్గా ఉన్నాయి. 2015లో ఢిల్లీలో ఏర్పడిన భారతీయ సంకేత భాషా పరిశోధన, శిక్షణ కేంద్రం 2018లో 3,000 పదాలతో వీడియో నిఘంటువు మొదలుపెట్టి 2021 నాటికి దాన్ని 10,000 పదాలకు పెంచింది. ఫోనులోనే చూడవచ్చు. 2024 డిసెంబరులో కేంద్ర ప్రభుత్వ విద్యా పథకమైన పీఎం ఈ-విద్య కింద 31వ నంబరు టీవీ ఛానెల్‌ను ఈ భాషకే కేటాయించారు. సికింద్రాబాద్‌లో మాట, వినికిడి లోపాల కోసం ఏర్పడిన అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉంది, పరీక్షలకూ తల్లిదండ్రుల సలహాకూ అక్కడికి వెళ్ళవచ్చు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం సంకేత భాషను భావవ్యక్తీకరణ సాధనంగా గుర్తించింది, 2020 జాతీయ విద్యా విధానం దేశమంతటా దాన్ని ప్రమాణీకరించాలని చెప్పింది. రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని 22 భాషల్లో మాత్రం దీనికి ఇంకా చోటు దొరకలేదు.

నిఘంటువుతో పదాలు వస్తాయి గానీ వాక్యం రాదు. వాక్యం కోసం బధిరులైన పెద్దవారి దగ్గరే నేర్చుకోవాలి. మీ టీచరుగారిని అడిగితే విజయవాడలోనో గుంటూరులోనో అటువంటి కుటుంబాన్ని పరిచయం చేయగలరు. వారానికి ఒకసారైనా వారింటికి వెళ్ళండి, లేదా మీ ఇంటికి పిలవండి. దుర్గగుడి దగ్గర ఫ్లైఓవర్ దిగి వంపు తిరిగిన బస్సుకు ఎదురుగా ఆటో ఎలా దూసుకొచ్చిందో వారిని చెప్పమనండి. ఒక చేయి బస్సు, ఒక చేయి ఆటో అయి, వంపూ వేగమూ తృటిలో తప్పిన ప్రమాదమూ మీ ముందే జరిగిపోతాయి. మనుషులకు ఇద్దరు, ముగ్గురు అనీ వస్తువులకు రెండు, మూడు అనీ మనం తరగతులు పెట్టుకున్నట్టే, సంకేత భాషలు నడిచే మనిషికి ఒక చేతి ఆకారం, బండికి మరో ఆకారం వాడతాయి. మీ అబ్బాయి అది చూసి మర్నాటికి తిరిగి చెప్పడం మొదలుపెడతాడు. ఇంట్లో మీరు చెప్పేటప్పుడు ముందు వాడి చూపు మీ వైపు తిరిగిందా అని చూసుకోండి, వెలుతురు మీ ముఖం మీద పడేలా కూర్చోండి, కిటికీకి వీపు పెట్టి చెబితే ముఖం చీకటై ప్రశ్నో కాదో వాడికి తెలియదు. మీరొక్కరే నేర్చుకుంటే చాలదు, మీ వారూ, ఇంట్లో తక్కిన పిల్లలూ భోజనాల దగ్గర తమలో తాము మాట్లాడుకునేటప్పుడు కూడా చేతులు వాడితేనే వాడికి పక్కవారి సంభాషణ అందుతుంది. వినే పిల్లలు భాషలో చాలా భాగం అలా పక్కనుంచి విని నేర్చుకుంటారు.

మీ మామగారికి ఈ ఇంట్లో ఇంకెవరూ చేయలేని పని ఒకటి ఉంది. మన లిపి పలుకుబడిని బట్టి నడిచేది కాబట్టి వినని పిల్లవాడికి అక్షరం నేరుగా ధ్వనిని గుర్తు చేయదు. వాడికి తెలుగు చదవడం రెండో భాష నేర్చుకోవడమే. ‘సీతకు’ అనే మాటలోని ‘కు’ ఏమి చేస్తోందో వాడికి వినికిడి వల్ల తెలిసే అవకాశం తక్కువ, ఎవరైనా విడదీసి చూపాలి. సంకేత భాషలో ‘ఇవ్వడం’ ఎటు కదిలిందో చూపి, ఆ చేరిన చోటునే తెలుగు ‘కు’తో రాస్తుందని చెప్పగలిగిన తాతగారు పక్కనే ఉంటే ఆ పిల్లవాడికి విభక్తులు మనందరికంటే బాగా వస్తాయి. అందుకు ఆయన ముందుగా ఇవ్వు, అడుగు, చెప్పు, చూడు వంటి కొద్ది క్రియల సైగలూ, అవి కదిలే దిక్కులూ నేర్చుకుంటే చాలు. పుస్తకంలో బొమ్మ పక్కన రెండు మూడు మాటల వాక్యం రాసి, దాన్ని ముందు సంకేత భాషలో చెప్పించి, తరువాత ప్రత్యయాల కింద రంగు గీత గీయించమనండి. రోజుకు ఒక్క వాక్యంతో మొదలుపెట్టవచ్చు.